వాగు దగ్గర తెగిన మాట: ఆఫ్‌రోడ్ క్యాంపింగ్‌లో వాకీటాకీలతో నా అనుభవం

ఆదివారం రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. బండికి అంటిన బురద ఇంకా ఆరలేదు. మర్చిపోకముందే రాసేస్తున్నాను. వెళ్లేముందు నేను చదివిందంతా ఏ సెట్టు కొనాలి, ఎన్ని వాట్లు ఉండాలి అన్నదాని చుట్టూనే తిరిగింది. కొన్నాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

ఈ ఆలోచన పోయినేడాది ప్రయాణంలో పుట్టింది. అప్పుడు నాలుగు బండ్లు. ముందు బండి లేపే దుమ్ములో ఏమీ కనపడక, ఒక్కొక్కరం రెండు మూడు వందల మీటర్లు వెనక్కి తగ్గి నడిపాం. బాట చీలిన చోట మూడో బండి ఎడమకు పోయింది, నాలుగోది కుడికి పోయింది. ఫోన్లలో సిగ్నల్ లేదు. మళ్లీ కలుసుకోడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. చీకట్లో తడుముకుంటూ గుడారాలు వేశాం. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాట్లాడినప్పుడు మొదట అన్నది, "ఇంకోసారి వాకీటాకీల్లేకుండా నేను రాను" అని.

ఈసారి ఐదు బండ్లు. ముందు మా బావ, రెండోది నాది, మూడోది డాక్టరు గారిది, నాలుగోది నా ఆఫీసు మిత్రుడిది, చివర మా తోడల్లుడు. నవంబరు 14 శుక్రవారం బయల్దేరి 16 ఆదివారం తిరిగి రావాలని ప్లాన్. సెట్ల గురించి చర్చ అక్టోబరు మొదట్లోనే మొదలై మూడు వారాలు నడిచింది. అందులో రెండు వారాలు బావ ఒక్కడితోనే. ఆయన దగ్గర ఎప్పుడో కొన్న 5 వాట్ల హ్యాండ్‌సెట్ ఉంది. ఏ ఫ్రీక్వెన్సీ కొడితే దాని మీద మాట్లాడుతుంది. "ఇలాంటివే ఇంకో నాలుగు తెద్దాం" అంటాడు. అలాంటివి వాడాలంటే లైసెన్సు ఉండాలి, అది మాలో ఎవరికీ లేదు. పైగా లైసెన్సు అక్కర్లేని అర వాటు సెట్టుకి పదింతలు శక్తి ఉన్నా దూరం పదింతలు పెరగదు. అడ్డేమీ లేని చోట కూడా మూడింతలకు కాస్త పైన, అంతే. మధ్యలో గుట్ట వస్తే రెండూ మూగబోతాయి. ఇదంతా బావకి చెబితే "నువ్వు లెక్కలు చెప్పకు" అన్నాడు. చివరికి లైసెన్సు మాటకే దిగొచ్చాడు.

బండికి బిగించుకుని మామూలు జనం మాట్లాడుకునే సీబీ రేడియో కూడా చూశాం. 27 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేది కాబట్టి దాని రేడియో అల పొడవే 11 మీటర్లు ఉంటుంది. అందులో పావు వంతు యాంటెనా అన్నా రెండు మీటర్ల డెబ్భై పైమాటే. పొట్టివి కూడా దొరుకుతాయి గానీ, కొమ్మలు రాసుకుపోయే బాటలో బండి మీద కొరడా కట్టుకుని తిరగాలనిపించలేదు. ఆఖరికి 446 మెగాహెర్ట్జ్ అర వాటు సెట్లు తీసుకున్నాం. యూరప్‌లో పీఎంఆర్ 446 అంటారే, అవి. అక్కడ వాటికి లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలోనూ 446.0 నుంచి 446.2 దాకా 2018 నిబంధనల్లో మినహాయింపు ఇచ్చారు. అమెరికాలో ఇలాంటి అవసరానికి ఎఫ్‌ఆర్‌ఎస్ అనే వేరే ఛానళ్లున్నాయి. అక్కడివాళ్లు ఇక్కడివి వాడకూడదు, ఇక్కడివాళ్లు అక్కడివి తెచ్చుకోకూడదు. మా చుట్టం ఒకాయన అక్కణ్నుంచి జత పంపిస్తానంటే వద్దన్నాం.

ఐదు బండ్లకు ఐదు, పైన ఒకటి అదనం. మొత్తం ఆరు. ఆరూ కలిపినా ఒక మంచి మడ్ టైరు ధర దాటలేదు. ఆ అదనపు ఆరోదాని కోసం బావ దగ్గర ఎంత మాటపడ్డానో చెప్పలేను. దాని సంగతి తర్వాత వస్తుంది.

ఒకే కంపెనీవి నాలుగే దొరికాయి, మిగతా రెండు వేరే కంపెనీవి. నాలుగు 6 రోజుల్లో వచ్చాయి, రెండు 9 రోజులకి. మొదటి ఛార్జింగుకి నాలుగున్నర గంటలు పట్టింది. అన్నిట్లోనూ ఛానల్ 5, కోడ్ 12 పెట్టాను. నాలుగు సెట్లు చక్కగా మాట్లాడుకున్నాయి. కొత్త రెండూ వాటిలో అవి మాట్లాడుకున్నాయి. ఆ నాలుగూ ఈ రెండూ మాత్రం ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. విచిత్రమేమిటంటే ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ పచ్చలైటు వెలుగుతోంది. మాట వస్తోంది, వినపడటం లేదు. సెట్టు పాడైందనుకుని వెనక్కి పంపడానికి పెట్టెలో సర్దేశాను కూడా.

సెట్లతో వచ్చిన రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. ఆ కోడ్ అనేది మన గొంతు కింద సన్నగా నడిచే ఒక స్వరం. అవతలి సెట్టు ఆ స్వరం ఉంటేనే స్పీకరు తెరుస్తుంది. ఒక కంపెనీ జాబితాలో 38 స్వరాలున్నాయి, అందులో 12వది 100.0 హెర్ట్జ్. రెండో కంపెనీ 50 పెట్టింది. మొదట్లోనే 69.3 అని ఒకటి అదనంగా దూర్చడంతో అన్నీ ఒక మెట్టు జరిగాయి. వాళ్ల 12 అంటే 97.4. కొత్తవాటిలో 13 పెట్టగానే ఆరూ మాట్లాడాయి. ఒక సాయంత్రమంతా దీనికే పోయింది. మీరు కలగాపులగంగా కొంటే కోడ్ నంబరు చూడకండి, హెర్ట్జ్ చూడండి. పెట్టె మీద దాన్ని 'ప్రైవసీ' అని రాస్తారు గానీ ప్రైవసీ ఏమీ లేదు. కోడ్ పెట్టుకోనివాడు మన మాటలన్నీ వింటాడు. మనమే అతని మాట వినం.

దూరం సంగతి. పెట్టె మీద రెండంకెల కిలోమీటర్లు వేశాడు. మనిషి నిలబడి చేత్తో పట్టుకుంటే, చదును నేల మీద భూమి వంపు ఒక్కటే లెక్కేసినా పది కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇళ్ల మధ్య మాకు 600 మీటర్లు వచ్చింది. అడవిలో 400 నుంచి 800. ఒకే ఒక్కసారి, మిట్ట మీద నుంచి లోయలోకి, 6 కిలోమీటర్లు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది. సెట్టుని బండిలో కప్పు పెట్టుకునే గుంటలో పడేస్తే ఆ 400 కూడా రాదు. చుట్టూ ఇనుమే కదా. కిటికీ దగ్గర, నిలువుగా పట్టుకోవాలి. మావాళ్లందరూ మొదటిరోజు దాన్ని ఫోన్లా అడ్డంగా నోటి ముందు పెట్టుకున్నారు.

శుక్రవారం ఉదయం 6:40కి బయల్దేరాం. తారురోడ్డు మీద ఉన్నంతసేపూ అందరూ హుషారే. బాట మొదలైన పావుగంటకే మొదటి గొడవ. డాక్టరు గారి బండి కింద ఏదో వేలాడుతోందని వెనక నుంచి మా మిత్రుడు చూశాడు. ఆయన డాక్టరు గారిని సరదాగా బావ అనే పిలుస్తాడు. "బావా, ఆగు!" అన్నాడు. ముందు మా బావ ఆగాడు. నన్ను బావ అని పిలిచేవాళ్లు ఇద్దరున్నారు కాబట్టి నేనూ ఆగాను. డాక్టరు గారు మాత్రం ఆగలేదు. నా బండి వెనక బంపరుకి మూరెడు దూరంలో బ్రేకు వేశారు. ఆ తర్వాత చుట్టరికాలు రద్దు చేసి నంబర్లు పెట్టుకున్నాం. ముందు ఎవర్ని పిలుస్తున్నామో వాళ్ల నంబరు, తర్వాత మన నంబరు: "మూడూ, నేను నాలుగు." అరగంటలో అలవాటైంది. మా తోడల్లుడు మాత్రం చివరిదాకా నన్ను "అన్నయ్యా, అదే, రెండూ" అనే పిలిచాడు.

రెండో తంటా మన ఊఁ కొట్టే అలవాటు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఊఁ, ఆఁ అనకపోతే మనకి వినలేదనిపిస్తుంది. ఫోన్లో అది బాగానే ఉంటుంది. ఇక్కడ ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. బావ "ముందు పెద్ద బండరాయి ఉంది, దాని..." అని చెబుతుంటే ముగ్గురు ముగ్గురూ బటన్ నొక్కి ఊఁ అంటున్నారు. రెండు సెట్లు ఒకేసారి నొక్కితే వినేవాళ్లకి గీఁ అని ఒక అరుపు మిగులుతుంది. బండరాయికి ఎడమో కుడో మాకు తెలియలేదు. పిల్లలకి ఈ ఇబ్బంది లేదు. 'ఓవర్' అనడం వాళ్లకి ఆట. ఏడో తరగతి చదివే మా పాప మొదటి గంటలోనే నా చేతిలోంచి సెట్టు లాక్కుంది. తను చెప్పేముందు ఒక క్షణం ఆగుతుంది, విన్నది తిరిగి చెబుతుంది. నేను గుంతలు చూసుకుంటూ నడపాలి కాబట్టి నాకూ హాయి. మిగతా బండ్లలోనూ పక్క సీటువాళ్లకే సెట్టు ఇమ్మన్నాను. బావ ఇవ్వలేదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. బటన్ నొక్కాక సెట్టు మేలుకోడానికి అర క్షణం పడుతుంది. నొక్కీ నొక్కకముందే మాట్లాడితే మొదటి ముక్క పోతుంది. చివరి ముక్క పూర్తికాకుండా బటన్ వదిలితే అదీ పోతుంది. మన భాషలో వద్దనేది, కాదనేది, అయిపోయిందనేది అంతా ఆ చివరి ముక్కలోనే ఉంటుంది. "ఎడమకి తిరగద్దు" అని బావ చెబితే నాకు "ఎడమకి తిరగ" వరకే వచ్చింది. నేను తిరిగాను. చక్రం లోతు బురద. బయటికి లాగడానికి 25 నిమిషాలు. ఆ సాయంత్రం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం: వద్దు అనే మాటే వాడకూడదు. ఎడమకి వద్దంటే "కుడికి, కుడికి" అనాలి. ఆపాలంటే "ఆగు" మూడుసార్లు.

ఆ సాయంత్రం ఇంకోటి కూడా జరిగింది. నా సెట్టు సీటుకీ గేరు పెట్టెకీ మధ్య జారి బటన్ నొక్కుకుపోయింది. అప్పుడు నేను మా ఆవిడతో బావ డ్రైవింగు గురించి నా అభిప్రాయం చెబుతున్నాను. దాదాపు 12 నిమిషాలు అందరూ విన్నారు. నా సెట్టు ఛానల్ని ఆక్రమించుకుంది కాబట్టి ఆపమని చెప్పే దారి కూడా వాళ్లకి లేదు. మా మిత్రుడు హారన్లు కొట్టుకుంటూ పక్కకొచ్చి చెప్పాడు. ఒక నిమిషం దాటితే దానంతటదే ప్రసారం ఆపేసే ఏర్పాటు సెట్టులో ఉందని ఆ రాత్రి పుస్తకంలో చదివాను. ఆన్ చేసుకోవాలి, అంతే. రాత్రి గుడారం దగ్గర బావ నన్ను ఏమీ అనలేదు. అదే బాధ.

శనివారం వాగు. మోకాలి లోతు, అడుగున గుండ్రాళ్లు. బావ 11:05కి దాటాడు. ఆ తర్వాత నేను, డాక్టరు గారు, మిత్రుడు. అవతలి ఒడ్డున చోటు లేదు. బాట నేరుగా మిట్ట ఎక్కి అవతల దిగిపోతుంది. అందుకే దాటినవాళ్లం దాటినట్టు పైకి కదిలాం. 11:20కి బావ అడిగాడు: "అయిదూ, వాగు దాటారా?" జవాబు వచ్చింది. బావకి అది "దాటేశాం" అని వినిపించింది. "సరే, పదండి" అన్నాడు. నాలుగు బండ్లూ మిట్ట దిగి అవతలి పల్లంలో ఆగాం.

11:34కి బావ లెక్క పిలిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు లేదు. మళ్లీ పిలిచాడు, లేదు. "వెనకే వస్తుంటాడులే" అనుకుని పది నిమిషాలు కూర్చున్నాం. ఆ పది నిమిషాలు సెట్టు చేసిన చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది. మాట కాదు, ఏమీ లేదని చెప్పే సన్నని బుస. మా ఆవిడ చెల్లెలు, వాళ్ల నాలుగేళ్ల బాబు ఆ బండిలోనే ఉన్నారు. మా ఆవిడ తలుపు తీసుకుని దిగి మిట్టవైపు నడవడం మొదలుపెట్టింది.

మిత్రుడు బండి తిప్పి మిట్ట పైకి ఎక్కాడు. పైనుంచి ఆయన గొంతు: "వినపడుతున్నారు! అయిదు వినపడుతోంది!" బండి వాగు మధ్యలో ఉంది. వెనక ఎడమ చక్రం గోతిలో దిగబడింది, నీళ్లు తలుపు గడప దాకా వచ్చాయి. మనుషులకేమీ కాలేదు. తల్లీబిడ్డా అప్పటికే ఒడ్డెక్కారు. పాతిక నిమిషాలుగా వాళ్లు మమ్మల్ని పిలుస్తూనే ఉన్నారు. మధ్యలో మిట్ట ఉంది, అంతే తేడా. మా మిత్రుణ్ని కదలొద్దన్నాం. పైనున్నవాడికి రెండు వైపులా వినపడుతుంది కాబట్టి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తూ అక్కడే ఉండిపోయాడు.

నేనూ బావా వెనక్కి బయల్దేరుతూ అడిగాం: ఒడ్డున గట్టి చెట్టు నుంచి బండి దాకా ఎంత దూరం? మిట్ట మీదుగా వచ్చిన జవాబు "అరవై మీటర్లు". దిగబడ్డ బండిని లాగే మా వించ్ తాడు పాతిక మీటర్లు. డాక్టరు గారి బండిలో సామానంతా దింపి అడుగునున్న పొడుగు తాళ్లు తీయడానికి పావుగంట పట్టింది. తీరా వెళ్లి చూస్తే ఇరవై మీటర్లు. ఆ గరగరలో ఇరవైకీ అరవైకీ ఏం తేడా ఉంది చెప్పండి? ఆ తర్వాత అంకెలన్నీ విడివిడిగా చెప్పుకున్నాం: "రెండు, సున్నా."

లాగేటప్పుడు సెట్టు మీద ఒక్కరే మాట్లాడాలని బావ గట్టిగా చెప్పాడు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. చక్రం చూస్తూ ఒడ్డున నిలబడ్డ ఆయన తప్ప ఎవరూ నోరు తెరవలేదు. తాడు మీద బరువు పడ్డాక అర క్షణం ఆలస్యం కూడా పనికిరాదని చేతి సైగలు కూడా పెట్టాడు. 12:50కి బండి ఒడ్డెక్కింది. తోడల్లుడి సెట్టు మాత్రం నీళ్లలోనే మిగిలింది. వెతికి తీశాం గానీ మళ్లీ పలకలేదు. అది ఐపీఎక్స్ 4 రకం, అంటే చినుకులకి ఓర్చుకుంటుంది, మునిగితే లేదు. మీటరు లోతులో అరగంట ఉన్నా తట్టుకునేది ఐపీఎక్స్ 7. పెట్టె మీద ఆ ఒక్క అంకె చూసి ఉంటే సరిపోయేది. ఆరో సెట్టు సంచిలోంచి తీసి తోడల్లుడికిచ్చాను. బావ వైపు చూడలేదు.

ఆ రాత్రి క్యాంపు. బావ సెట్టు బ్యాటరీ మూడింటికే అయిపోయింది. ఎక్కువ మాట్లాడినవాడిది ముందు అయిపోతుంది. వినడానికి ఖర్చయ్యేది చాలా తక్కువ. మా పాప దగ్గరున్నదానిలో రాత్రికి కూడా రెండు గీతలు మిగిలాయి. బండిలో ఛార్జర్‌కి తగిలించి వాడదామంటే ఆ ఛార్జరే సెట్టులో జుయ్‌మని గోల పెడుతోంది. ఆపి ఛార్జ్ చేసుకోవాల్సిందే. పవర్ బ్యాంక్ నుంచి చేస్తే ఆ గోల లేదు. చలికి బ్యాటరీ తొందరగా నీరసిస్తుందని సెట్లని దుప్పట్లో పెట్టుకుని పడుకున్నాం.

పుల్లలకి వెళ్లినవాళ్ల దగ్గర ఒక సెట్టు, క్యాంపు దగ్గర ఒకటి, ప్రతి అరగంటకి ఒక పలకరింపు. చీకటి పడ్డాక అదెంత ధైర్యమో. ఒకసారి మా ఆవిడ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంటే "రెండడుగులు పక్కకి జరుగు" అన్నాను. జరగ్గానే స్పష్టంగా వచ్చింది. ఈ సెట్ల అల మొత్తం పొడవే 67 సెంటీమీటర్లు. ఒక చెట్టు పక్కన చచ్చిన సిగ్నల్ అడుగు అవతల బతికే ఉంటుంది. తనకి అదంతా నేను చెప్పలేదు. ఏదో మంత్రం వేశాననుకుంది, అనుకోనిచ్చాను.

ఆదివారం తిరుగు ప్రయాణం మామూలుగానే సాగింది. తారురోడ్డు ఎక్కాక ఆగి టైర్లలో గాలి నింపుకుంటుంటే మళ్లీ వాగు మాట వచ్చింది. తోడల్లుడు ఒట్టు పెట్టి "నేను దాటేస్తాం అనే చెప్పాను" అంటాడు. అంటే ఇంకా దాటలేదని. బావేమో "దాటేశాం అన్నావు, నా చెవులతో విన్నాను" అంటాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. డాక్టరు గారు గాలి గొట్టం పట్టుకుని అటు తిరిగిపోయారు.

చక్రం దగ్గర కూర్చున్న పాప తలెత్తకుండానే అంది: "బాబాయి బటన్ ముందే వదిలేశాడు. నాకు 'దాటే' వరకే వినపడింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాను.

"చెబుదామనుకునేలోపు మావయ్య సరే పదండి అనేశాడు. నువ్వేమో నా చేతిలోంచి సెట్టు లాక్కుని ఊఁ అన్నావు."